జ్వరమును కొలుచుట

మన యిండ్లలో జ్వరమును నిర్ణయించునది చిరకాలముగా తల్లి అరచేయి. కాని చేయి సాక్షియే గాని కొలత కాదు. ప్రొద్దుటూరు, పులివెందుల ప్రాంతముల యెండలో నడచివచ్చిన చేతికి బిడ్డ నుదురు చల్లగా తోచును; నీళ్లలో నానిన చేతికి ఆ నుదురే కాలుచున్నట్లుండును.

1868లో జర్మను వైద్యుడు వుండర్లిఖ్ వేలకొలది రోగుల యుష్ణమును పరిశీలించి గ్రంథము ప్రకటించి, 98.6 ఫారెన్‌హీటు డిగ్రీలను ఆరోగ్యచిహ్నముగా నిలిపెను. ఆనాటి ఉష్ణమాపకము అడుగు పొడవు. 20 నిమిషములు పట్టెడిది. ఆ దశకముననే ఇంగ్లండులో ఆల్‌బట్ దానిని 6 అంగుళములకు కుదించి, 5 నిమిషములలో పని ముగియునట్లు చేసెను. సాధనము వైద్యుని జేబులోనికి, అటుపై గృహములలోనికి వచ్చుటకు మూలమిదియే.

జమ్మలమడుగున లండను మిషనువారు నెలకొల్పిన క్యాంబెల్ ఆసుపత్రి చుట్టుపట్ల పల్లెలకు దిక్కయ్యెను. కాని రాత్రివేళనే బయలుదేరవలెనా, తెల్లవారువఱకు ఆగవచ్చునా యని తేల్చుకొనవలసినది ఇంటనే. మూడు నెలలు నిండని శిశువునకు 100.4 డిగ్రీలు గాని అంతకు మించి గాని కనబడినచో దిష్టి తీయుచు కూర్చుండరాదు. వెంటనే వైద్యునికి చూపవలెను. సాయంకాలమున ఉష్ణము సహజముగనే కొంత పెరుగును గనుక, అంకెతోపాటు వేళను వ్రాసియుంచవలెను. అట్లు వ్రాయనేర్చిన తల్లి వైద్యునికి సగము పని చేసిపెట్టినదనియే మేము తలంతుము.