చేతిపని గంట: చిత్తూరు సీమలో మిషను బడి, దళిత బిడ్డల సాంకేతిక విద్య

బళ్ల చరిత్ర రాసినోళ్లు చదువు, రాత, లెక్కల గురించే రాశారు. చేతిపని గంటను పట్టించుకున్నది తక్కువ. ఒకప్పుడు దాన్ని చేతిపని అన్నారు, తర్వాత క్రాఫ్టు అన్నారు, ఇప్పుడు కంప్యూటరు క్లాసు అంటున్నారు. దళిత బిడ్డ చేతికి ఏ పనిముట్టు ఇవ్వాలన్నది తేలేది ఈ గంటలోనే. దాన్ని తేల్చింది ఎవరు? మనం అడగాల్సిన ప్రశ్న ఇది.

చిత్తూరు జిల్లా 1911లో ఏర్పడింది. అంతకుముందు చిత్తూరు, తిరుపతి ప్రాంతాలు ఉత్తర ఆర్కాటులో, మదనపల్లె కడప జిల్లాలో ఉండేవి. ఊరిబడి మాల మాదిగ బిడ్డల్ని గడప తొక్కనిచ్చేది కాదు. చెంగల్పట్టు కలెక్టరు ట్రెమెన్‌హీర్ 1891లో పరయల దుస్థితి మీద నివేదిక ఇచ్చాక, 1893లో మద్రాసు ప్రభుత్వం పంచమ బళ్లకు ప్రత్యేక సాయం ప్రకటించింది. ఈ లోపు బడి పెట్టింది మిషన్లే. 1853లో మొదలైన అమెరికన్ ఆర్కాట్ మిషను చిత్తూరు, మదనపల్లెల్లో పనిచేసింది. కేథలిక్కుల వైపు, 1875లో మిల్ హిల్ ఫాదర్లు మద్రాసు ప్రాంతానికి వచ్చారు. 1928లో నెల్లూరు మేత్రాసనం, దాన్నుంచి 1976లో కడప మేత్రాసనం ఏర్పడ్డాయి. ఉమ్మడి చిత్తూరు జిల్లాలోని కేథలిక్ బళ్లు ఈ కడప మేత్రాసనం కిందికే వస్తాయి.

మిషన్లు అక్షరంతోపాటు చేతిపని కూడా నేర్పాయి. మగపిల్లలకు వడ్రంగం, నేత. ఆడపిల్లలకు కుట్టుపని. ఆర్కాట్ మిషను పారిశ్రామిక పాఠశాల మొదట ఆరణిలో, తర్వాత చిత్తూరికి దక్షిణాన కాట్పాడిలో నడిచింది. దీని వెనక ఒక అవసరం ఉంది. మతం మారిన కూలీకి రైతు పని ఆపేస్తే ఆ కుటుంబం ఏం తిని బతకాలి? కాబట్టి చేతిలో ఒక పని ఉండాలనుకున్నారు. పాలేరు బిడ్డ చిత్రిక పట్టడం చిన్న విషయం కాదు. కులం ఇంకొకరికి రాసిచ్చిన పనిముట్టును అతను చేతికి తీసుకున్నాడు. అయితే ఈ చదువుకు ఒక హద్దు కూడా ఉంది. అది బిడ్డను మంచి పనివాడిగా చేయాలనుకుంది, ఇంజనీరుగా ఊహించలేదు.

ఇంకొక సంగతి బడి అసలు చూడనే లేదు. పచ్చితోలును సున్నంలో నానబెట్టడం, తంగేడు చెక్కతో, కరక్కాయతో ఊనడం, కపిల తోలే బావికి తోలు బొక్కెన కుట్టడం - ఇదంతా మాదిగవాడ శాస్త్రం. రాయలసీమ సేద్యం ఈ బొక్కెన మీద నడిచింది. 1900ల తొలి ఏళ్లలో ఆల్ఫ్రెడ్ ఛాటర్టన్ మద్రాసులో క్రోము పద్ధతి తోలు ప్రయోగాలు చేశాడు. నీళ్లు తోడే బొక్కెనకు ఎక్కువ కాలం మన్నే తోలు తయారుచేయడం ఆయన ఉద్దేశాల్లో ఒకటి. ఆ పని ప్రభుత్వం చేతికి వస్తే పరిశ్రమ అయింది. మాదిగ చేతిలో ఉన్నంతకాలం అది మైల పని! 1948లో మద్రాసులో కేంద్ర తోళ్ల పరిశోధనా సంస్థ వచ్చింది. కానీ బడి పుస్తకంలోకి మాదిగ రసాయనశాస్త్రం రాలేదు. కంచ ఐలయ్య 2007లో పిల్లల కోసమే శ్రమ గౌరవం మీద పుస్తకం రాయాల్సి వచ్చిందంటే ఈ ఖాళీ ఎంత పెద్దదో తెలుస్తుంది.

1953లో మద్రాసు ముఖ్యమంత్రి రాజాజీ పల్లె బళ్లకు కొత్త పథకం తెచ్చారు. సగం పూట బడి, మిగతా సగం ఇంటి వృత్తి. అదే ఏడు అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేదాకా చిత్తూరు మద్రాసు రాష్ట్రంలోనే ఉంది. పెరియార్ వాళ్లు దీన్ని కులవిద్య అని ఎదిరించారు. 1954లో కామరాజు ముఖ్యమంత్రి అయ్యాక పథకం పోయింది. ఇక్కడ తేడా గట్టిగా పట్టుకోవాలి. తోలు ఊనే విద్యను రెడ్డి బిడ్డకూ బాపన బిడ్డకూ కలిపి నేర్పితే అది శాస్త్రం. మాదిగ బిడ్డకు మాత్రమే నేర్పితే అది సంకెల.

ఇప్పుడు కంప్యూటరు సంగతి. 1984-85లో కేంద్రం క్లాస్ పథకం కింద కొన్ని ఉన్నత పాఠశాలలకు కంప్యూటర్లు పంపింది. తర్వాత కంప్యూటరు ఇంగ్లీషు మీడియం ఫీజులో భాగమైపోయింది. కేథలిక్ బళ్లలోనూ రెండు రకాలు కనిపిస్తాయి. పల్లె విచారణల్లో తెలుగు ప్రాథమిక బళ్లు, పట్నంలో ఫీజు కాన్వెంట్లు. మైనారిటీ బళ్లకు విద్యాహక్కు చట్టం వర్తించదని 2014లో సుప్రీంకోర్టు చెప్పింది, కాబట్టి పేద బిడ్డలకు 25 శాతం సీట్లు ఇవ్వమని ఆ చట్టం ఈ కాన్వెంట్లను అడగలేదు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు వల్ల క్రైస్తవ మాల మాదిగలకు ఎస్.సి. హోదా లేదు. మన రాష్ట్రంలో వాళ్లు బి.సి.-సి కింద 1 శాతంలో ఉన్నారు. సంఘం లోపల కులవివక్ష ఉందని భారత కేథలిక్ బిషప్పుల సమాఖ్యే 2016 దళిత విధానంలో ఒప్పుకుంది.

ఈ స్థితిలో ప్రాథమిక బడిలో సాంకేతిక విద్య చెప్పే టీచరు పని కేవలం మౌస్ పట్టించడం కాదు. కీబోర్డు ముందు ఎవరు కూర్చుంటున్నారు, ఎవరు వెనక నిలబడి చూస్తున్నారు అన్నది ఆ టీచరే కనిపెట్టాలి. ఇంట్లో యంత్రం ఉన్న బిడ్డ చేయి ముందుకు వస్తుంది. దళిత ఆడబిడ్డ చేయి వెనక్కి పోతుంది. వాళ్లకే ముందు గంట ఇవ్వాలి. టైపు కొట్టడంతో ఆపకుండా, యంత్రం ఎట్లా ఆలోచిస్తుందో, దానికి మనం పని ఎట్లా చెప్పాలో నేర్పాలి. తోలు ఊనడం, నేత కూడా అదే గంటలో శాస్త్రంగా అందరికీ చెప్పాలి.

టీచర్లూ, విద్యార్థి సంఘాలూ ఒక పని చేయొచ్చు. మీ ఊరి మిషను బడిలో లెక్క తీయండి. ఎన్ని కంప్యూటర్లు ఉన్నాయి, వారానికి ఎన్ని గంటలు, ఏ వాడ బిడ్డకు ఎన్ని నిమిషాలు. ఆ లెక్కను విచారణ గురువు ముందు, మేత్రాసనం విద్యా కార్యాలయం ముందు పెట్టండి. మిషను బడి మన బిడ్డల కోసమే పుట్టిందని చెప్పుకుంటోంది కదా, జవాబు ఇవ్వనీ.