తక్కువ ధరకి పాత ఇల్లు: గోదావరిఖనిలో కొనేముందు తెలుసుకోవాల్సిన చరిత్ర

పోయిన వారం మా అక్క బిడ్డ ఫోన్ చేసింది. వాళ్లాయన గనిలో కాంట్రాక్ట్ పని చేస్తాడు. పెళ్లైనప్పటి నుంచీ గోదావరిఖనిలో కిరాయి ఇంట్లోనే ఉంటున్నారు. "మామా, ఒక పాత ఇల్లు అమ్మకానికి వచ్చింది. 100 గజాలు, మూడు గదులు, ముందట యాప చెట్టు. వాళ్లు చెప్పే రేటు పక్క కాలనీల ఖాళీ ప్లాటు రేటు కూడా కాదు. ఎల్లుండి బయానా ఇయ్యమంటున్నరు. ఇయ్యాల్నా?" అని అడిగింది.

రెండు రోజులు ఆగమన్నాను. ఆ రెండు రోజుల్లో నేను ఆలోచించిందే ఈ ఎపిసోడ్. తనకి చెప్పిందే మీకూ చెబుతాను, ఎందుకంటే కోల్‌బెల్ట్‌లో ఈ ప్రశ్న ప్రతి ఇంట్లో ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది.

ముందు ఒక చిన్న లెక్క చూడండి. ఇల్లు పాతబడితే దేని ధర తగ్గుతుంది? గోడల ధర, రేకుల ధర, తలుపుల ధర. భూమి పాతబడదు కదా. మరి ఇల్లూ భూమీ రెండూ కలిపి పక్క కాలనీలో ఖాళీ ప్లాటు కంటే తక్కువకి వస్తున్నాయంటే, తగ్గింపు ఇంటి మీద లేదు, భూమి మీద ఉంది. అంటే ఆ భూమికి ఏదో చరిత్ర ఉంది. అమ్మేవాళ్లకి, చుట్టుపక్కల వాళ్లకి ఆ చరిత్ర తెలుసు. కొనేవాళ్లకే తెలియదు. అందుకే మొదట చరిత్ర చూద్దాం.

సింగరేణి కథ మనదగ్గర మొదలుకాలేదు. 1871లో జియలాజికల్ సర్వేకి చెందిన విలియం కింగ్ ఇల్లందు వైపు బొగ్గు ఉందని కనిపెట్టాడు. 1886లో ఇంగ్లండ్‌లో పుట్టిన హైదరాబాద్ దక్కన్ కంపెనీ తవ్వకం హక్కులు తీసుకుంది. 1920 డిసెంబర్ 23న సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడింది. 1945లో నిజాం ప్రభుత్వం వాటాలు కొని దాన్ని సర్కారు కంపెనీ చేసింది. ఇవాళ అందులో రాష్ట్రానికి 51 శాతం, కేంద్రానికి 49 శాతం. గోదావరి ఒడ్డున మన రామగుండం ప్రాంతంలో గనులు తెరుచుకున్నది మాత్రం 1960 ప్రాంతంలో. అప్పటిదాకా ఇక్కడ చిన్న చిన్న ఊళ్లు, పొలాలు, అడవి.

తర్వాత ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. 1971లో 62.5 మెగావాట్ల బీ-థర్మల్. 1978లో ఎన్టీపీసీకి శంకుస్థాపన. 1980లో ఎఫ్‌సీఐ ఎరువుల ఫ్యాక్టరీలో ఉత్పత్తి. మంథని వైపు నుంచి, మంచిర్యాల వైపు నుంచి, శ్రీకాకుళం నుంచి, ఉత్తరాది నుంచి కూడా పనికోసం జనం వచ్చారు. కంపెనీ క్వార్టర్లు కట్టింది. యైటింక్లైన్ కాలనీ పేరు చూడండి, గని నంబరే ఊరి పేరైపోయింది. కానీ వచ్చినంతమందికి క్వార్టర్లు ఎక్కడ సరిపోతాయి? మా బాపు 1974లో కోల్ ఫిల్లర్‌గా వచ్చినప్పుడు మొదట ఉన్నది గుడిసెలో. తర్వాత రేకుల ఇల్లు. టీ-2 క్వార్టర్ దొరకడానికి చాలా ఏళ్లు పట్టింది.

ఆ గుడిసెలు, రేకుల ఇళ్లు ఎవరి భూమిలో పడ్డాయి? కొన్ని రైతుల పట్టా భూమిలో, కొన్ని సర్కారు భూమిలో, కొన్ని కంపెనీ తీసుకున్న భూమిలో. అప్పుడు ఎవరూ అడగలేదు. గనికి మనుషులు కావాలి, మనుషులకి నీడ కావాలి. పోయేటప్పుడు ఒక బాండ్ పేపర్ మీద రాసి, ఇద్దరు సాక్షుల సంతకాలు పెట్టి, ఇంకొకరికి అమ్ముకుని పోయారు. ఆయన మరొకరికి. మా అక్క బిడ్డ చూసిన ఇంటికి కూడా అట్లాంటి కాగితాలు నాలుగున్నాయి.

ఇంకో సంగతి కూడా ఉంది. 1990ల మొదట్లో సింగరేణిలో లక్ష మందికి పైగా పనిచేసేవాళ్లు. ఆ పదేళ్లలోనే నష్టాలు వచ్చి కంపెనీ రెండుసార్లు బీఐఎఫ్ఆర్ దాకా వెళ్లింది. యంత్రాలు వచ్చాయి, ఓపెన్‌కాస్టులు వచ్చాయి, గోల్డెన్ హ్యాండ్‌షేక్ వచ్చింది. ఇప్పుడు పర్మినెంట్ కార్మికులు 40 వేల దగ్గర్లో ఉన్నారు. 1999లో ఎఫ్‌సీఐ మూతపడింది. ఉద్యోగం పోయినవాళ్లు, రిటైరైనవాళ్లు, పిల్లలు హైదరాబాద్ పోయినవాళ్లు ఇళ్లు అమ్మకానికి పెట్టారు. అమ్మేవాళ్లు ఎక్కువ, కొనేవాళ్లు తక్కువ. అయితే ఇది ఒకవైపే నడిచే కథ కూడా కాదు. అదే ఫ్యాక్టరీ ఆర్ఎఫ్‌సీఎల్‌గా మళ్లీ లేచి 2021లో యూరియా తీయడం మొదలుపెట్టింది. ఈ ఊరి ఇళ్ల ధరలు ఈ ఊరి చిమ్నీలను చూసి నడుస్తాయన్నమాట.

సరే, ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. ఇక్కడ పాత ఇల్లు కొనేముందు మూడు ప్రశ్నలు అడగాలి. కాగితంలో ఏముంది? కింద ఏముంది? పక్కన ఏం రాబోతోంది?

మొదటిది కాగితం. 1908 రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం 100 రూపాయలు, ఆపైన విలువున్న స్థిరాస్తి అమ్మకం రిజిస్టర్ కావాల్సిందే. బాండ్ పేపర్ మీద నోటరీ ముద్ర ఉన్నంత మాత్రాన యాజమాన్యం రాదు. జీపీఏ రాయించుకుంటే చాలు అనుకునేవాళ్లకి 2011లో సూరజ్ ల్యాంప్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది, దానివల్ల హక్కు బదిలీ కాదని. ఇంటి పన్ను రసీదు, కరెంటు బిల్లు, నల్లా బిల్లు చూపిస్తారు. అవి మీరు అక్కడ ఉంటున్నారని చెబుతాయి, ఆ స్థలం మీదని చెప్పవు. సర్కారు పేదలకిచ్చిన ఇంటిస్థలం పట్టా అయితే ఇంకా జాగ్రత్త. 1977 అసైన్డ్ భూముల చట్టం అట్లాంటి స్థలాన్ని అమ్మకూడదంటుంది.

బ్యాంకు వాళ్లకి ఇదంతా తెలుసు కాబట్టి ఇట్లాంటి ఇంటికి లోన్ ఇవ్వరు. లోన్ రాదంటే మొత్తం నగదు పెట్టగలిగినవాళ్లే కొనాలి. కొనేవాళ్లు తగ్గితే ధర తగ్గుతుంది. మీకు చవకగా కనిపించేదానికి సగం కారణం ఇదే. రేపు మీరు అమ్మాలన్నా ఇదే కారణం మీకూ అడ్డం వస్తుంది.

మరి దారే లేదా అంటే, ఉంది. 2014 చివర్లో తెలంగాణ ప్రభుత్వం 58, 59 జీవోలతో సర్కారు భూమిలో ఇళ్లు కట్టుకున్నవాళ్లకి క్రమబద్ధీకరణ అవకాశం ఇచ్చింది. 125 గజాల లోపు పేదలకి ఉచితం. 2019లో జీవో 76 వచ్చింది. సింగరేణి ప్రభుత్వానికి తిరిగి అప్పగించిన భూముల్లో ఉన్న ఇళ్ల కోసం అది. దానికింద పట్టాలు చేతికొచ్చిన కుటుంబాలు మన బెల్ట్‌లో ఉన్నాయి. కాబట్టి అమ్మేవాళ్లని మొదట అడగాల్సిన మాట "ధర ఎంత?" కాదు, "జీవో కింద దరఖాస్తు పెట్టారా, పెడితే ఏమైంది?" అని. పట్టా వచ్చాక అమ్మితే మంచి ధర వస్తుంది కదా, మరి ఎందుకు ఆగలేదు అని కూడా అడగాలి.

రెండోది, కింద ఏముంది. ఇక్కడ మా ఇంటి కథ చెప్పాలి. 2004లో బాపు రిటైరయ్యాడు. క్వార్టర్ ఖాళీ చేయాలి. గ్రాట్యుటీ డబ్బు చేతిలో ఉంది. బాపు షిఫ్టులోనే పనిచేసిన ఒకాయన తన ఇల్లు అమ్ముతానన్నాడు. పెంకుటిల్లు, పెద్ద వాకిలి, చేదబావి. అమ్మకి అది చూడగానే నచ్చింది. బాపు మాత్రం ఇంట్లోకి పోలేదు. గల్లీలో అటూ ఇటూ నడిచాడు, దూరంగా ఉన్న గని వైపు చూశాడు, అడుగులు లెక్కపెట్టాడు. తర్వాత నాతో అన్నాడు: "ఈ ఇంటి కింద నేను పని చేసిన బిడ్డా. మా లెవల్ ఇట్లనే పోయింది. పిల్లర్లు తీసిన్రో, ఉంచిన్రో, ఇసుక నింపిన్రో నాకు ఎరుక లేదు. అది తెలువకుంట నేను కొన."

బోర్డ్ అండ్ పిల్లర్ పద్ధతి గురించి తెలియనివాళ్లకి చెబుతాను. బొగ్గు పొరలో గళ్లు గీసినట్టు సొరంగాలు తవ్వుతారు, మధ్యలో బొగ్గు స్తంభాలు వదిలేస్తారు. పైకప్పును మోసేవి అవే. తర్వాత వెనక్కి వస్తూ ఆ స్తంభాలను కూడా తీస్తారు, దాన్నే డిపిల్లరింగ్ అంటారు. ఖాళీలో గోదావరి ఇసుకని నీళ్లతో కలిపి పంపి నింపితే పైన నేల పెద్దగా కుంగదు. నింపకపోతే కప్పు కూలుతుంది, పైన నేల కుంగుతుంది. స్తంభాలను వదిలేసిన చోట కూడా ఏళ్ల తర్వాత అవి నలిగిపోయే అవకాశం ఉంది. అందుకే 1957 బొగ్గు గనుల నిబంధనల్లో ఒక రక్షణ పెట్టారు. కంపెనీది కాని భవనానికి, పబ్లిక్ రోడ్డుకి, రైల్వేకి 45 మీటర్ల లోపు పని చేయాలంటే ముందు రాతపూర్వక అనుమతి ఉండాలి. కానీ ఇల్లు ముందా, గని ముందా అన్నది చూడాలి. పని అయిపోయిన తర్వాత దానిమీద కట్టిన ఇంటికి ఆ నిబంధన ఏం చేస్తుంది?

బ్రిటన్‌లో పాత బొగ్గు ప్రాంతంలో ఇల్లు కొంటే లాయర్ ముందుగా కాన్29ఎం అనే గనుల రిపోర్టు తెప్పిస్తాడు. కింద ఏ పొర తీశారు, దగ్గర్లో పాత షాఫ్టు ఉందా అన్నీ అందులో ఉంటాయి. నేల కుంగి ఇల్లు దెబ్బతింటే బాగుచేయించే బాధ్యత మీద 1991లో ప్రత్యేక చట్టమే ఉంది. మనకి ఇల్లు కొనేవాళ్లు మామూలుగా తెప్పించుకునే అట్లాంటి రిపోర్టు లేదు. సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టి అడగొచ్చు. అంతకంటే ముందు ఆ గల్లీలో రిటైరైన ఓవర్‌మెన్‌నో, సర్దార్‌నో, సర్వే సెక్షన్‌లో చేసినాయన్నో పట్టుకోండి. వాళ్ల జ్ఞాపకమే మన రిపోర్టు. వాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోతున్నారు కూడా.

మూడోది, పక్కన ఏం రాబోతోంది. ఓపెన్‌కాస్టు దగ్గర బ్లాస్టింగ్ ఉంటుంది. గనుల భద్రతా విభాగం డీజీఎంఎస్ 1997లో కంపనానికి హద్దులు పెట్టింది. నెమ్మదిగా ఊగే కంపనమైతే, అంటే 8 హెర్ట్జ్ లోపు, బయటివాళ్ల ఇళ్ల దగ్గర సెకనుకి 5 మిల్లీమీటర్లు దాటకూడదు. కంపెనీ సొంత ఇళ్లకైతే 10 దాకా ఒప్పుకున్నారు. అంటే బయటివాళ్ల ఇళ్లకి నియమం ఎక్కువ రక్షణ ఇచ్చింది. మట్టితో పేర్చిన పాత ఇటుక గోడలకి ఇది చాలా ముఖ్యం.

ఇల్లు చూడడానికి మధ్యాహ్నం బ్లాస్టింగ్ వేళకే పోండి. కిటికీ మూలల నుంచి ఏటవాలుగా పోయే పగుళ్లు చూడండి. కొత్తగా సున్నం వేసిన గోడ ఉంటే ఎందుకు వేశారో అడగండి. అమ్మేవాళ్లు ఒప్పుకుంటే పగులు మీద అడ్డంగా చిన్న గాజుముక్క సిమెంటుతో అతికించి రెండు మూడు నెలలు ఆగండి. గాజు పగిలితే ఆ పగులు ఇంకా పెరుగుతోందని అర్థం.

గని విస్తరణ వస్తే నష్టపరిహారం వస్తుంది కదా అని కొనేవాళ్లూ ఉన్నారు. 2013 భూసేకరణ చట్టంలో భూమి పరిహారం మీద 100 శాతం సొలాషియం ఉన్నమాట నిజమే. కానీ అది భూమి మీద హక్కున్నవాళ్లకి. బాండ్ పేపర్ పట్టుకున్నవాళ్లు ఆ లెక్కలో ఎక్కడ నిలబడతారో ఆలోచించండి.

ఇన్ని చెప్పి పాత ఇల్లు వద్దే వద్దు అంటున్నానా? లేదండీ. ఆ ఇంట్లో ఉన్న మంచి కూడా చూడాలి. కూలిమనిషికి కిరాయి అనేది ఎన్నటికీ తిరిగిరాని డబ్బు. పాత బస్తీలో చౌరస్తా దగ్గర, బడి దగ్గర, దవాఖాన దగ్గర. రాత్రి షిఫ్టుకి పోయిన మనిషి ఇంటికి రాకపోతే నలుగురు లేచి చూసే గల్లీ అది. 2003 జూన్‌లో జీడీకే-7 ఎల్ఈపీలోకి నీళ్లు దూసుకొచ్చి 17 మంది చనిపోయారు. అట్లాంటి రోజుల్లో గల్లీ అంటే ఏమిటో ఈ ఊరికి తెలుసు. కొత్త వెంచర్‌లో ప్లాటు కొనొచ్చు, అది కొనలేం.

మా బాపు ఆ పెంకుటిల్లు కొనలేదు. అదే డబ్బుతో ఊరి చివర రెండు గదుల రేకుల ఇల్లు కొన్నాడు, రిజిస్ట్రీ కాగితంతో. ఇప్పుడు నిజం చెప్పాలి కదా. ఆ పెంకుటిల్లు ఇప్పటికీ నిలబడే ఉంది. కొన్నాయనకి తర్వాత పట్టా కూడా వచ్చింది. అమ్మ ఆ మాట ఎత్తినప్పుడల్లా బాపు ఒక్కటే అనేవాడు: "నిలబడ్డది, మంచిదే. నిలబడుతదని ఆనాడు నాకు ఎవరు చెప్పిన్రు?"

నాకు చాలా రోజులు అది మొండితనంలా అనిపించింది. ఇప్పుడు అట్లా అనిపించదు. ముప్పై ఏళ్ల చెమట ఒక్క సంతకంలో పోయే చోట, తెలియనిదాని మీద పెట్టనన్నాడు. కొన్నాయన ధైర్యం కూడా తప్పు కాదు, ఆయనకి వేరే దారి లేకపోయి ఉండొచ్చు.

అక్క బిడ్డకి ఇదే చెప్పాను. బయానా ఇప్పుడు ఇవ్వొద్దు. జీవో దరఖాస్తు రసీదు అడుగు, ఈసీ తీయించు, నిషేధిత జాబితాలో సర్వే నంబరు ఉందేమో చూడు, ఆ గల్లీలో పాత ఓవర్‌మెన్ ఇల్లు ఎక్కడో కనుక్కో. అన్నీ సరిగ్గా ఉంటే కొను. కాగితం ఒక్కటే లేకపోతే, పోయినా బతకగలిగినంత డబ్బే పెట్టు, అప్పు చేసి పెట్టకు. కింద ఏముందో చెప్పేవాళ్లు దొరక్కపోతే మాత్రం ఎంత చవకైనా వద్దు. "వేరేవాళ్లు ఎగరేసుకుపోతే?" అంది. పోనీ అన్నాను. ఎల్లుండే బయానా కావాలని తొందరపెట్టేవాళ్ల దగ్గర మనం కూడా తొందరపడితే, అడగాల్సినవి అడగకుండానే సంతకం పెడతాం.

మీ గల్లీ ఏ గని మీద ఉందో మీకు తెలుసా? ఇంట్లో పెద్దవాళ్లుంటే ఈ రాత్రే అడగండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. నమస్తే.