ప్రైవేట్ ప్రాపర్టీలు: ఆచారం నుంచి నియమం వరకు

విద్యార్థి వివరాలను ఒక ఆబ్జెక్ట్‌గా ఊహించండి. అందులో పేరు, చిరునామా (మాణికేశ్వర్ నగర్ అనుకుందాం), మార్కులు అనే ప్రాపర్టీలు ఉన్నాయి. మార్కులు 0 నుంచి 100 మధ్యనే ఉండేలా సరిచూసే ఒక మెథడ్ కూడా ఉంది. ప్రోగ్రాంలోని మరో భాగం ఆ మెథడ్‌ను పిలవకుండా నేరుగా ప్రాపర్టీలో 140 అని రాస్తే ఆపేదెవరు? ఆ దారిని మూయడానికే ప్రైవేట్ ప్రాపర్టీలు అవసరమయ్యాయి. వెబ్ భాషలలో అవి ఆలస్యంగా వచ్చాయి.

1995లో నెట్‌స్కేప్ సంస్థలో బ్రెండన్ ఐక్ పది రోజుల్లో తొలి రూపాన్ని తయారుచేసిన జావాస్క్రిప్ట్‌లో ఇందుకు ప్రత్యేక ఏర్పాటు లేదు. పేరు ముందు అండర్‌స్కోర్ పెట్టి, ‘దీన్ని బయటినుంచి తాకవద్దు’ అని తోటి ప్రోగ్రామర్లకు సూచించడం ఆచారమైంది. అది మర్యాద మాత్రమే, భాష దానిని పట్టించుకోదు. 2001లో డగ్లస్ క్రాక్‌ఫర్డ్ క్లోజర్‌తో ఇది సాధ్యమని వివరించాడు. ఫంక్షన్ లోపలి చలరాశి బయటి కోడ్‌కు కనబడదు, అదే ఫంక్షన్‌లో పుట్టిన మెథడ్లకు మాత్రం అందుతుంది.

పి.హెచ్.పి. దారి వేరు. 2004 జులైలో వెలువడిన 5వ వెర్షన్ పబ్లిక్, ప్రొటెక్టెడ్, ప్రైవేట్ అనే పదాలను జావా తరహాలో చేర్చుకుంది. అంతకుముందు ప్రాపర్టీలన్నీ అందరికీ తెరిచినవే. 2024 నాటి 8.4వ వెర్షన్‌లో ఎవరైనా చదవగల, కానీ క్లాస్ మాత్రమే మార్చగల ప్రాపర్టీని ఒక్క వాక్యంలో ప్రకటించవచ్చు. మన మార్కుల ఉదాహరణకు కావలసింది సరిగ్గా ఇదే.

జావాస్క్రిప్ట్ ప్రమాణంలో ప్రైవేట్ ప్రాపర్టీలు 2022లో చేరాయి, అదీ పేరు ముందు హ్యాష్ గుర్తు (#) తో. చూడటానికి అందంగా లేదని చాలామంది పెదవి విరిచారు. అయితే ఆ ఎంపికకు బలమైన కారణం ఉంది. ఈ భాషలో ఆబ్జెక్ట్‌కు ఎవరైనా, ఎప్పుడైనా కొత్త ప్రాపర్టీ తగిలించవచ్చు. లోపల ‘మార్కులు’ అనే ప్రైవేట్ పేరు ఉందని తెలియక సబ్‌క్లాస్ రాసేవారు అదే పేరు వాడితే ఏం చేయాలి? అడ్డుకుంటే లోపలి సంగతి బయటపడుతుంది. అనుమతిస్తే ఒకే పేరుకు రెండు అర్థాలు వస్తాయి, ఏది ఉద్దేశించారో ప్రతిసారీ తేల్చవలసి ఉంటుంది. గుర్తు పేరులోనే భాగమైతే ఈ రెండు పేర్లు ఎప్పుడూ ఢీకొనవు.

ఇక్కడ విద్యార్థులు ఒక విషయం గమనించాలి. ‘ప్రైవేట్’ అంటే ‘రహస్యం’ కాదు. పి.హెచ్.పి.లో రిఫ్లెక్షన్ ద్వారా ప్రైవేట్ విలువను చదవవచ్చు. బ్రౌజర్‌కు చేరిన జావాస్క్రిప్ట్ కోడ్‌నూ, అందులోని విలువలనూ డెవలపర్ టూల్స్‌లో వినియోగదారుడు చూడవచ్చు, మార్చవచ్చు. అందుకే 140 మార్కులను తిరస్కరించే పరీక్ష బ్రౌజర్‌లో ఉన్నా, సర్వర్‌లో దానిని మళ్లీ జరపవలసిందే.