బొగ్గు నుంచి గాలికి, ఎండకు: భారత విద్యుత్ వ్యవస్థలో మార్పు

థర్మల్ కేంద్రాల మీద నిలబడిన భారత విద్యుత్ వ్యవస్థలోకి గాలిమరలు, సౌర ఫలకాలు వచ్చి చేరిన చరిత్ర నాలుగు దశాబ్దాలది. చమురు ధరల దెబ్బ తిన్నాక, 1982లో కేంద్రం సంప్రదాయేతర ఇంధనాలకు ఒక శాఖను ఏర్పాటు చేసింది. 1986లో గుజరాత్, తమిళనాడు తీరాల్లో ప్రయోగాత్మకంగా గాలిమరలు వెలిశాయి. కన్యాకుమారి జిల్లా ముప్పందల్ వద్ద కనుమలోంచి దూసుకొచ్చే గాలి పవన విద్యుత్తుకు తొలి పెద్ద చిరునామా అయింది.

సౌర విద్యుత్తుది ఆలస్యపు రాక. 2010లో జాతీయ సౌర మిషన్ మొదలైనప్పుడు యూనిట్ ధర 12 రూపాయల చుట్టూ ఉండేది. 2017 మేలో రాజస్థాన్‌లోని భడ్లాకు వేసిన టెండర్లలో అది 2.44 రూపాయలకు దిగింది. అదే ఏడాది కర్నూలు జిల్లా గని, శకునాల గ్రామాల భూముల్లో 1,000 మెగావాట్ల సోలార్ పార్కు సిద్ధమైంది. 2022 నాటికి చేరాలనుకున్న లక్ష మెగావాట్ల సౌర సామర్థ్యాన్ని దేశం 2025 జనవరిలో అందుకుంది.

ఈ కథలో చాలామంది గుర్తుపెట్టుకోని తేదీ 2013 డిసెంబరు 31. ఆ రోజు రాయచూరు-షోలాపూర్ 765 కేవీ లైనుతో దక్షిణాది గ్రిడ్ మిగతా దేశంతో ఒక్కటైంది. నైరుతి రుతుపవనాల వేళ తమిళనాడులో మిగిలే పవన విద్యుత్తు ఉత్తరాదికి సాగడానికి బాట పడింది. ఏ సౌర పార్కు ప్రారంభోత్సవానికీ తీసిపోని ఘట్టమిది.

2025 మధ్యకల్లా స్థాపిత సామర్థ్యంలో సగం బొగ్గు, గ్యాస్ లాంటి శిలాజ ఇంధనాలు కాని వనరులదే అయింది. జల, అణు విద్యుత్ కూడా ఆ లెక్కలోవే. కానీ ఉత్పత్తయ్యే యూనిట్లలో పదింట సుమారు ఏడు ఇప్పటికీ బొగ్గువే. పొద్దుగూకేసరికి సౌర ఉత్పత్తి సున్నాకు చేరుతుంది. ఇళ్లల్లో లైట్లు, ఫ్యాన్లు, ఏసీలు అప్పుడే వేస్తారు. బొగ్గు కేంద్రంలో చల్లారిన బాయిలర్‌ను మళ్లీ వేడెక్కించడానికి గంటలు పడుతుంది కాబట్టి, మధ్యాహ్నం అవసరం తగ్గినా దాన్ని తక్కువ లోడు మీద మండిస్తూనే ఉంచాలి.

జలవిద్యుత్ అలా కాదు. 2020 ఏప్రిల్ 5 రాత్రి తొమ్మిది గంటలకు ప్రధాని పిలుపుతో జనం తొమ్మిది నిమిషాలు విద్యుత్ దీపాలార్పినప్పుడు, డిమాండు సుమారు 31,000 మెగావాట్లు పడిపోయింది. జలవిద్యుత్ కేంద్రాలు చకచకా ఉత్పత్తి తగ్గించి, మళ్లీ పెంచి గ్రిడ్‌ను కాపాడాయి. నీటిని పగలు పైకి తోడి సాయంత్రం టర్బైన్ల మీదికి వదిలే పంప్డ్ స్టోరేజి వైపు, బ్యాటరీల వైపు దేశం చూస్తున్నది ఇందుకే. ఉమ్మడి కర్నూలు జిల్లా పిన్నాపురంలో చేపట్టిన 1,680 మెగావాట్ల ప్రాజెక్టు ఆ కోవలోదే.

రామగుండంలో థర్మల్ కేంద్రానికి నీళ్లిచ్చే రిజర్వాయరు మీదే 2022లో 100 మెగావాట్ల తేలియాడే సోలార్ ప్లాంటు పూర్తయింది. అయితే సౌర ఫలకాల నిర్వహణకు కావలసిన మనుషులు కొద్దిమందే. అక్కడి సింగరేణి బొగ్గు గనుల మీద బతికే కుటుంబాలకు మరో ఉపాధి చూపించడం ఈ మార్పులో ఇంకా మిగిలి ఉన్న పని.