కుక్కి మంచానికి బిగువు

ఏప్రిల్ చివరి సాయంత్రం. వరంగల్–ఖమ్మం రోడ్డు మీది లారీల హోరు మరిపెడ ఇళ్ల వెనక్కి వచ్చేసరికి సన్నబడుతుంది. వాకిట్లో వేపచెట్టు కింద నులక మంచం వాల్చి ఉంది. ఈ రాత్రి మీ పడక దీనిమీదే. కూర్చోగానే నడుము గుంతలోకి జారుతుంది, మోకాళ్లు గడ్డం దాకా లేస్తాయి.

“కుక్కి అయింది బిడ్డా. లే, గుంజుదాం,” అంటాడు తాత.

నాలుగు కోళ్లు, నాలుగు పట్టెలు. తలాపు నుంచి వచ్చిన అల్లిక, కాళ్ల దిక్కు పట్టెకు జానెడు ఇవతలే ఒక లావు అడ్డతాడు దగ్గర ఆగిపోతుంది. ఆ అడ్డతాడుకూ పట్టెకూ మధ్య ఇంకో తాడు వరసలు వరసలుగా చుట్టుకొని ఉంది. మంచం బిగువంతా ఆ వరసల్లోనే.

తాత ముడి విప్పుతాడు. కొస మీ చేతికి చిక్కగానే బలమంతా పెట్టి లాగుతారు. చివరి వరసలు రెండు మాత్రం బిగుస్తాయి, గుంత గుంతలాగే ఉంది.

“కొస ఇడిచిపెట్టు. మొదటి కాడికెల్లి గుంజుకుంట రా.”

మొదటి వరస కింద వేళ్లు దూర్చి పైకి గుంజుతారు. బెత్తెడు తాడు వదులుగా లేస్తుంది. దాన్ని రెండో వరసలోకి లాగుతారు, అక్కడి వదులుతో కలిపి మూడో దానిలోకి. పట్టె మీద తాడు కిర్రుమంటుంది. వచ్చిన బిగువు వెనక్కి పోకుండా తాత ప్రతి మలుపునూ బొటనవేలితో నొక్కి పడుతున్నాడు. చివరికొచ్చేసరికి మీ చేతిలో మూరెడు తాడు. ఇందాక మిమ్మల్ని గుంతలోకి లాగిన వదులు ఇదే.

“ఇంకోపారి.”

మళ్లీ మొదటికి. అడ్డతాడు పట్టె వైపు జరిగింది కాబట్టి, ముందు బిగించిన వరసలు మళ్లీ కాస్త సడలాయి. ఈసారి గుంజితే నాలుగు వేళ్ల తాడే వస్తుంది.

నీళ్ల మీదా ఇదే పని ఉంది. 1970 ప్రాంతంలో కాలిఫోర్నియా నుంచి వచ్చిన హోబీ 16 అనే జంట పడవకు, రెండు పడవల నడుమ మనుషులు కూర్చునే గట్టి గుడ్డ ఉంటుంది. ట్రాంపోలిన్ అంటారు. దాన్నీ తాడు వరసలతోనే బిగిస్తారు, వదులును ఇట్లాగే వరస తర్వాత వరసగా కొసకు తోస్తారు. ఆ బిగువుతో పడవ చట్రం కూడా గట్టిపడుతుంది.

ఇక్కడా మంచం అంచు పట్టి ఊపి చూడండి. ఇందాక ఊగిన కోళ్లు ఇప్పుడు కదలవు. పట్టెల కొసలను కోళ్ల బెజ్జాల్లో అదిమి పట్టేది ఈ బిగువే.

మూడోసారి గుంజబోతే తాత మీ చెయ్యి ఆపుతాడు.

“చాలు. వానలకు కొంచెం సందు ఉంచు.”

నార తాడు తడిస్తే పోగులు ఉబ్బి పొడవు తగ్గుతుంది. ఇప్పుడే పూర్తిగా బిగిస్తే, జూన్ తేమకు చట్రం మెలిపడి ఒక కోడు నేలను వదిలేస్తుంది. నైలాన్ తాడు లెక్క వేరు. ఎంత బలంగా గుంజామన్నది ఒక్కటే చూస్తే సరిపోదు. ప్రతి వరసకూ సమానంగా బిగువు అందాలి, రాబోయే కాలానికి చోటుండాలి.

ముడి పడింది. తాత గోడకు ఆనించిన రెండో మంచాన్ని తెచ్చి వాలుస్తాడు.

“ఇది నువ్వే గుంజు బిడ్డా.”

ఈసారి మీ చెయ్యి నేరుగా మొదటి వరస మీదికే పోతుంది.