అయోవా విశ్వవిద్యాలయపు ఉపగ్రహములు

అమెరికాలోని అయోవా రాష్ట్రము మొక్కజొన్న చేలకు ప్రసిద్ధమైన సీమ. సముద్రతీరములకును, రాకెట్ల ప్రయోగస్థలములకును దూరముగా నున్న ఆ సీమలో, 1951లో విశ్వవిద్యాలయ భౌతికశాస్త్ర శాఖాధ్యక్షుడై వచ్చిన జేమ్స్ వాన్ ఆలెన్, తన శిష్యులచేత నేలమాళిగలో పరికరములు నిర్మింపజేసి ఆకాశమునకు పంపిన చరిత్ర, ప్రజాధనమును విద్యాలయముల చేతికిచ్చిన నెట్టి ఫలము కలుగునో తెలియగోరువారు తప్పక చదువదగినది.

ఆరంభము మిక్కిలి స్వల్పము. పెద్ద రాకెట్లకు వలసిన ధనము లేక, ఆయన చిన్న రాకెట్టును బెలూనుకు వ్రేలాడగట్టి, గాలి పలుచనైన ఎత్తునకు చేరిన పిదప మండునట్లు చేయు ఉపాయము నవలంబించెను. నౌకాదళ పరిశోధన కార్యాలయ మొసగిన ధనముతో 1952లో గ్రీన్‌లాండు సమీపమున ఓడమీదినుండి వదలిన మొదటి రెండును మండలేదు. పైనున్న చలికి లోపలి గడియారము బిగిసిపోయినదని తలచి, నారింజరసపు డబ్బాలను వేడిచేసి, మూడవదానిలో నుంచి, వెచ్చదనము పోకుండ చుట్టి పంపిరి. అది మండెను.

ఆ పరిశోధకబృందమే సిద్ధపరచిన గైగర్ గణకము 1958 జనవరి 31న ఎక్స్‌ప్లోరర్-1 ఉపగ్రహముతో కక్ష్య జేరి, భూమిని చుట్టియున్న వికిరణవలయముల జాడ దెలిపెను. 1961 జూన్ 29న విశ్వవిద్యాలయమే నిర్మించిన ఇన్జన్-1 ఎగిరెను. తోడి ఉపగ్రహమునుండి విడిపడక, దానితో నంటుకొనియే తిరుగుచుండియు అది పని మానలేదు. మరుసటి సంవత్సరము జూలైలో అమెరికా ప్రభుత్వము పసిఫిక్ మహాసముద్రముపై అంతరిక్షమున అణ్వస్త్రమును పేల్చినప్పుడు పుట్టిన కృత్రిమవికిరణమును ఈ ఉపగ్రహము కొలిచెను. ధనమిచ్చిన ప్రభుత్వముయొక్క చర్యనే కొలిచి లోకమునకు జెప్పగల స్వాతంత్ర్యము విద్యాలయమునకుండుట నా దృష్టిలో ఆ ధనము సాధించిన ఫలములలో నుత్తమమైనది.

పిదప 1999లో కాలిఫోర్నియాలోని ఇరువు రాచార్యులు పది సెంటీమీటర్ల ఘనమును ప్రమాణముగా నేర్పరచి, చిన్న ఉపగ్రహరూపమైన క్యూబ్‌శాట్‌ను రూపొందించిరి. అట్టి ఘనము లారింటి పరిమాణము గల ఉపగ్రహమగు హేలోశాట్‌కు నాసా సుమారు 37 లక్షల డాలర్లు మంజూరు చేయగా, అయోవా ఆచార్యుడు ఫిలిప్ కారెట్ దానికి నాయకత్వము వహించెను. విశ్వమున నుండవలసిన సాధారణపదార్థములో గొప్పభాగము నక్షత్రములలోను, చల్లని వాయువులలోను లెక్కకు దొరకుట లేదు. మన పాలపుంతను ఆవరించియున్న లక్షలాది డిగ్రీల వేడివాయువులో అది దాగియున్నదా యన్నది ప్రశ్న. ఆ వాయువులోని ఆక్సిజన్ వెదజల్లు మందమైన ఎక్స్‌రే కాంతి ఆకాశమంతటను పరచుకొనియుండుటచేత, సన్నని తునకను మాత్రమే చూచు మహాదూరదర్శినులకు ఇది తగిన పని కాదు. పైగా ఆ దూరదర్శినులకొరకు ఎందరో శాస్త్రజ్ఞులు వరుసలో వేచియుందురు. హేలోశాట్ ఒక్కొక్క చూపున పది డిగ్రీల ఆకాశమును చూచుచు, కక్ష్యలో పగటిభాగమున విద్యుత్తు నింపుకొని, రాత్రిభాగమున పరిశీలించుచు, తన ఆయువంతయు నీ యొక్క ప్రశ్నకే వెచ్చింపగలిగెను.

2018 మే 21న బయలుదేరి, జూలైలో అంతర్జాతీయ అంతరిక్షకేంద్రమునుండి విడువబడిన ఈ ఉపగ్రహము 2021 జనవరిలో వాతావరణమున దగ్ధమయ్యెను. దాని కొలతలనుబట్టి, పాలపుంత చుట్టునున్న వేడివాయువు సమముగా పరచుకొనక ముద్దలు ముద్దలుగా నున్నదనియు, దాని ప్రకాశము నక్షత్రములు పుట్టుచున్న తావుల ననుసరించి హెచ్చుచున్నదనియు 2020లో ప్రకటించిరి. ఆ కొలతలన్నియు నాసా బహిరంగభాండాగారమున నుండుటచేత, ఏ దేశపు విద్యార్థియైనను మూల్యము చెల్లింపకయే వానిని దీసికొని ఆ నిర్ణయమును తిరిగి పరీక్షింపవచ్చును.