నల్లతీగ పక్కన నల్లతీగ

కంప్యూటర్ కొందామని వెళ్తే ఒక్క కొట్లోనూ కంప్యూటర్ కనబడలేదు. 2006లో నేను ఇంజనీరింగ్ మొదటి సంవత్సరంలో చేరినప్పటి మాట. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్, అందరి నోటా సీటీసీ. ఒక కొట్లో మదర్‌బోర్డులు, ఇంకో కొట్లో హార్డ్‌డిస్కులు, వరండాలో ఒకదానిమీద ఒకటి పేర్చిన ఖాళీ కేబినెట్లు. మా నాన్న స్కూలు టీచరు. సొసైటీలో అప్పు తీసిన 22 వేలు చొక్కా లోపలి జేబులో ఉన్నాయి. మాటిమాటికీ అక్కడ చెయ్యి పెట్టి చూసుకుంటున్నారు. చివరికి ఉండబట్టలేక అడిగారు: "ఎవరెవరో ఎక్కడెక్కడో చేసిన ముక్కలు తెచ్చి కలిపితే ఎట్ల పనిచేస్తదయ్యా?"

బిగిస్తున్న కుర్రాడు తలెత్తకుండానే, "అన్నీ ఫిట్ అయితయ్ సార్" అన్నాడు. తర్వాత నావైపు తిరిగి, "ఇప్పుడు మంచిగుంది తమ్మీ. పాత బోర్డులకి కరెంట్ కనెక్టర్లు రెండుండె. నల్లతీగ పక్కన నల్లతీగ రావాలె. ఉల్టా పెడితే బోర్డు ఖతం" అన్నాడు.

నాన్న అడిగినదాంట్లో అనుమానం ఉంది గానీ, అది చరిత్ర ప్రశ్న కూడానని నాకు చాలా ఏళ్ళకి గానీ తెలియలేదు.

ఇంట్లో కంప్యూటర్ కట్టుకోవడం 1975 నాటికే ఉంది. ఆ జనవరిలో పాపులర్ ఎలక్ట్రానిక్స్ పత్రిక ముఖచిత్రమ్మీద వచ్చిన ఆల్టెయిర్ 8800 కిట్ ధర 400 డాలర్ల లోపే. కానీ అది టంకం పెట్టడం వచ్చినవాళ్ళ వ్యవహారం. ఒక్క స్క్రూడ్రైవర్‌తో పని అయిపోయే పద్ధతికి మూలం 1981 ఆగస్టులో వచ్చిన ఐబీఎం పీసీ. ఫ్లోరిడాలోని బోకా రేటన్‌లో ఒక చిన్న బృందం దాదాపు ఏడాదిలో దాన్ని తయారుచేసింది. అంత తక్కువ సమయంలో అన్నీ సొంతంగా చేసుకోవడం కుదరదు. అందుకని ప్రాసెసర్ ఇంటెల్ దగ్గర, ఫ్లాపీ డ్రైవులు టాండన్ దగ్గర, ఆపరేటింగ్ సిస్టమ్ మైక్రోసాఫ్ట్ దగ్గర తీసుకున్నారు. బోర్డు మీద ఐదు స్లాట్లు పెట్టి, వాటిలో ఎవరైనా కార్డులు చేసి పెట్టుకునేలా సర్క్యూట్ బొమ్మలతో సహా ఒక మాన్యువల్ అమ్మారు.

ఇక్కడే చాలామంది "ఐబీఎం ఉదారంగా తలుపులు తెరిచింది" అని రాసేస్తుంటారు. నేనొప్పుకోను. ఆ మాన్యువల్లో బయాస్ ప్రోగ్రామ్ కూడా మొత్తం అచ్చేశారు, నిజమే. అయితే దానికి కాపీరైట్ ఉంది. అంటే అది చదివినవాడు తర్వాత ఏం రాసినా, మా దాంట్లోంచే ఎత్తావని కోర్టుకి లాగవచ్చు. ఆ తలుపు తెరిచే ఉంది, గడప దాటితేనే ప్రమాదం.

కాంపాక్ కంపెనీ దీనికో ఉపాయం పట్టింది. బయాస్ చదివినవాళ్ళు అది ఏమేం చేస్తుందో మాత్రమే రాసిచ్చారు. అసలు దాన్ని ఎప్పుడూ చూడనివాళ్ళు ఆ వివరణ పట్టుకుని కొత్త ప్రోగ్రామ్ రాశారు. సాహిత్య పత్రికలో చెప్తున్నాను కనక ఇలా అనొచ్చు: మూలం చదివినవాడు పద్యం రాయకూడదు, పద్యం రాసేవాడు మూలం చూడకూడదు, మధ్యలో భావం ఒక్కటే దాటాలి. (మూలం చూడకుండా అనువాదాలు చేసేవాళ్ళు మనకీ ఉన్నారు గానీ, వాళ్ళ సంగతి వేరు.) 1982 నవంబరులో కాంపాక్ తన పోర్టబుల్‌ని ప్రకటించింది. ఆ బయాస్‌ని కాంపాక్ తనకోసమే ఉంచుకుంది. 1984లో ఫీనిక్స్ అనే సంస్థ అదే తరహాలో బయాస్ రాసి, అడిగినవాళ్ళందరికీ అమ్మింది. సీటీసీకి శంకుస్థాపన అక్కడ జరిగిందని నా లెక్క.

ఐబీఎం ఊరుకోలేదు. 1987లో పీఎస్/2తో పాటు మైక్రోచానెల్ అనే కొత్త స్లాట్ తెచ్చింది. వాడుకోవాలంటే లైసెన్సు, రుసుము. మరుసటి ఏడాది తొమ్మిది కంపెనీలు ఏకమై ఈసా అనే పోటీ స్లాట్ ప్రకటించాయి. జనం మాత్రం చాలావరకు పాత స్లాట్‌నే పట్టుకుని వేలాడారు. ఇంజనీరుగా నాకు ఇది మింగుడుపడదు. మైక్రోచానెల్ మెరుగైన పని: 32 బిట్లు, చేత్తో జంపర్లు మార్చే బాధ లేదు. పాత స్లాట్‌లో సౌండ్ కార్డు పెడితే ప్రింటర్ మూగబోయే రోజులవి. అయినా మంచిది ఓడిపోయింది, అందరిదీ అయినది నిలబడింది. ఇంటెల్ పీసీఐ వచ్చి కుదురుకునేదాకా ఆ జంపర్ల బాధ అందరూ పడ్డారు.

1995లో ఇంటెల్ ఏటీఎక్స్ కొలతలు ప్రకటించింది. బోర్డు పొడవు, వెడల్పు, స్క్రూ రంధ్రాల స్థానాలు, వెనక పోర్టుల కిటికీ, ఎస్ఎంపీఎస్ నుంచి వచ్చే కనెక్టర్: అన్నీ రాతపూర్వకంగా. రెండు కనెక్టర్లు పోయి, తిరగేసి పెట్టడానికి వీల్లేని ఒక్కటి వచ్చింది. ఇదీ దానధర్మమేం కాదు, ఎన్ని బోర్డులు తయారైతే అన్ని ప్రాసెసర్లు అమ్ముడవుతాయి. పెంటియమ్ 4 వేడికి తట్టుకోలేక అదే ఇంటెల్ తర్వాత బీటీఎక్స్ అనే మరో కొలత తెచ్చింది. గాలి ఆడటానికి అదే నయం. ఎవరూ పట్టించుకోలేదు, నేను కంప్యూటర్ కొన్న 2006లోనే వదిలేసుకుంది. అప్పటికే ఊరూరా ఏటీఎక్స్ కేబినెట్లు నిండిపోయి ఉన్నాయి.

మన దగ్గరకి ఈ ముక్కలు చవగ్గా రావడానికి ఇంకో కాగితం కారణం. 1997లో భారతదేశం ఐటీ ఒప్పందంలో చేరింది. 2005 నాటికి కంప్యూటర్ విడిభాగాలు చాలావాటిమీద దిగుమతి సుంకం సున్నాకి వచ్చింది. నాన్న జేబులో 22 వేలు సరిపోవడంలో దానికీ వాటా ఉంది.

ఇంటికొచ్చాక అమ్మ కేబినెట్‌కి పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టింది. మూడేళ్ళకి బోర్డు పోయింది. తెరిచి చూస్తే కెపాసిటర్లు పూరీల్లా ఉబ్బి ఉన్నాయి. ఆ కాలంలో నాసిరకం ఎలక్ట్రొలైట్ వల్ల ప్రపంచమంతా వచ్చిన జబ్బే అది. బోర్డొక్కటే మార్చాను, మిగతావి పనిచేశాయి.

2022లో మా ఆవిడ లాప్‌టాప్‌లో ర్యామ్ పోయింది. ర్యామ్‌ని బోర్డుకే టంకం పెట్టేశారు, కాబట్టి బోర్డంతా మార్చాలన్నారు. కొత్తదాని ధరలో సగం పైనే చెప్పారు. ఆ కోపంలో ఊరెళ్ళి అటక మీంచి పాత కేబినెట్ దింపాను. కొత్త మైక్రో ఏటీఎక్స్ బోర్డు, ప్రాసెసర్, రెండు ర్యాములు, చూయింగ్ గమ్ పలకంత ఎస్ఎస్‌డీ కొన్నాను. ఎస్ఎంపీఎస్ మాత్రం పాతది నమ్మలేదు, మార్చాను. బోర్డు లోపల పెట్టి జరిపితే ప్రతి రంధ్రం కిందా ఇత్తడి స్టాండాఫ్ సరిగ్గా కూర్చుంది. ముందువైపు పాత యూఎస్‌బీ తీగ కూడా కొత్త బోర్డు పిన్నుల్లోకి దిగింది.

నాన్న కళ్ళజోడు సవరించుకుని వంగి చూశారు. కుంకుమ బొట్టు మరక ఇంకా ఉంది.

"ఇదే డబ్బానా? సరిపోయిందా?"

"సరిపోయింది నాన్నా. ఒక స్క్రూ మిగిలింది."

ఎక్కడిదో ఇద్దరం కాసేపు వెతికాం. దొరకలేదు. నాన్న దాన్ని తీసి చొక్కా జేబులో వేసుకున్నారు.